ఐటీ ఉద్యోగంలో నమ్మకం కూడబెట్టుకోవడం ఎలా: ఒక చిట్టా పుస్తకం, కొన్ని అలవాట్లు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. ఎవరి సరుకు ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చింది, మచ్చు ఎలా ఉంది, తాలు (రంగు పోయిన కాయలు) ఎంత, ఏ ధరకు పోయింది, అన్నీ ఏ రోజువి ఆ రోజే చిట్టాలో ఎక్కాల్సిందే. రాత్రి పదైనా సరే, చిట్టా రాయకుండా ఇంటికొచ్చేవారు కాదు. "గుర్తుంటుందిలే అనుకున్న లెక్కే రేపు గొడవకి దారితీస్తుందమ్మా" అనేవారు. ఆ మాట నా ఉద్యోగానికీ పనికొస్తుందని విజయవాడలో సాఫ్ట్‌వేర్ పనిలో చేరిన మూడో ఏట గానీ నాకు తెలిసిరాలేదు.

అప్పటికి నేను పని బాగానే చేస్తున్నాను. రాసిన కోడ్ నిలబడుతోంది. అయినా ప్రతి సోమవారం పొద్దున గుంటూరులో రైలెక్కుతుంటే కడుపులో ఒకటే టెన్షన్. ఈ వారం నాకేమీ రాదని అందరికీ తెలిసిపోతుందేమో అని. మంగళగిరి దాటి, కృష్ణా కెనాల్ దాటి, రైలు వంతెన మీదకి వచ్చేసరికి అరచేతులు చల్లబడేవి. ఈ భయానికి పేరుందని చాలా కాలం తర్వాత చదివాను. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు, బాగా పైకొచ్చిన ఆడవాళ్లలో కూడా ఈ భయం ఉంటుందని గమనించి రాశారు. ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నది దాన్నే.

నమ్మకం వచ్చాక మాట్లాడదాం, నమ్మకం వచ్చాక జీతం అడుగుదాం అని కూర్చుంటే అది రాదు. చేసిన పనుల లెక్క కళ్లారా చూసుకుంటే వస్తుంది. లెక్కే రాయకపోతే చూసుకోవడానికి ఏముంటుంది? అందుకే ఐటీలో పనిచేసే అమ్మాయిల కోసం నేను చెప్పబోయే ఈ పద్ధతంతా ఒక నోట్‌బుక్‌తో మొదలవుతుంది.

1. చిట్టా మొదలుపెట్టండి

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయొద్దు. ఉద్యోగం మారిన రోజు ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి, దాంతోపాటు మీ లెక్కా పోతుంది. అలాగని కంపెనీ కోడ్, కస్టమర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఈ పుస్తకంలో ఎక్కకూడదు. మీరు చేసిన పని మీరు రాసుకోవచ్చు, వాళ్ల రహస్యాలు రాయకూడదు.

రోజూ లాగౌట్ అయ్యే ముందు ఐదు నిమిషాలు కూర్చుని నాలుగు సంగతులు రాయండి: ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ ఇరుక్కున్నాను, ఎలా బయటపడ్డాను, దీనివల్ల ఎవరికి పని తేలికైంది. తెలుగులోనే రాయండి. నా పాత పుస్తకంలోంచి ఒక రోజు:

"మంగళవారం. రిపోర్టు పేజీ తెరుచుకోవడానికి 14 సెకన్లు పడుతోందని టికెట్ (ఫిర్యాదు). చూస్తే లూప్ లోపల ఒక్కో వరుసకీ డేటాబేస్‌ని విడిగా అడుగుతున్నాం. జాయిన్ (టేబుళ్లని కలిపి అడిగే పద్ధతి) పెట్టి ఒకేసారి తెచ్చాను. ఇప్పుడు 2 సెకన్లు. ఇండెక్స్ (డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) సంగతి తెలియక గంటన్నర పోయింది, పక్క టీమ్ వాళ్లని అడిగాను. సపోర్ట్ వాళ్లకి ఈ పేజీ మీద ఫోన్లు తగ్గాలి. శుక్రవారం కనుక్కోవాలి."

ఇందులో అంకెలున్నాయి చూడండి. "రిపోర్టు పేజీ బాగు చేశాను" అని రాసుంటే ఆరు నెలల తర్వాత ఆ వాక్యం నాకు ఎందుకూ పనికొచ్చేది కాదు. 14 నుంచి 2 అని ఉంది కాబట్టి అప్రైజల్‌లో (పని మీద ఆఫీసు చేసే సమీక్షలో) చెప్పగలిగాను. తెలియనిది కూడా రాసుకున్నాను. గంటన్నర పోయిందని రాసుకున్న ఆ ఇండెక్స్ సంగతి మళ్లీ ఎదురైనప్పుడు పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు వచ్చిన ధైర్యం ఏ ప్రసంగం విన్నా రాలేదు.

నెలాఖరు ఆదివారం ఒక అరగంట కేటాయించి చిట్టాలోంచి ఆవర్జాలోకి, అంటే పేరువారీ పద్దుల పుస్తకంలోకి, ఎక్కించండి. నాన్న కొట్లో రైతు పేరున ఒక పేజీ ఉండేది. మీకు పని పేరున ఒక పేజీ ఉండాలి: వేగం పెంచినవి, తప్పులు పట్టుకున్నవి, ఇతరులకి నేర్పినవి, కొత్తగా నేర్చుకున్నవి. మొదటి రెండు నెలలు పేజీలు పలచగా కనిపిస్తాయి. రాస్తూనే ఉండండి.

2. ప్రశ్న అడిగే తీరు మార్చండి

రెండేళ్లపాటు నా డౌట్లన్నీ ఒకే సీనియర్‌ని ప్రైవేటుగా చాట్‌లో అడిగాను. నలుగురిలో అడిగితే ఇది కూడా తెలియదా అనుకుంటారని భయం. దానివల్ల ఏమైందంటే, నేను దేని మీద ఎంత తంటాలు పడుతున్నానో ఆయనకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆయన ఉద్యోగం మారగానే నా పని గురించి చెప్పేవాళ్లే లేకుండా పోయారు.

ఇలా చేయండి. అరగంట మీ అంతట మీరు ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే ఆలస్యం చేయకుండా టీమ్ ఛానల్‌లోనే (టీమంతా చూసే చాట్‌లోనే) అడగండి. ప్రశ్నలో మూడు ముక్కలు ఉండాలి: ఏం జరుగుతోంది, ఏం చూశాను, ఇప్పుడు నాకేం కావాలి.

"సర్, ఇది పనిచేయట్లేదు, కొంచెం చూస్తారా?" అని అడిగితే మొత్తం పని ఎదుటివాళ్ల నెత్తిన పెట్టినట్టు. "లాగిన్ అయ్యాక పేజీ ఖాళీగా వస్తోంది. నా మెషీన్‌లో బాగానే ఉంది, టెస్ట్ సర్వర్‌లోనే ఇలా ఉంది. రెండు చోట్లా కాన్ఫిగ్ ఫైల్ పోల్చి చూశాను, తేడా లేదు. టోకెన్ గడువు ఎక్కడ సెట్ చేస్తారో చెబితే అది చూస్తాను" అని అడగండి. ఇది చదివినవాళ్లకి మీకు రాదని అనిపించదు, పని తెలిసిన మనిషి అడుగుతోందనిపిస్తుంది. సగం సార్లు ఈ మూడు ముక్కలూ రాస్తుండగానే జవాబు మీకే తడుతుంది.

3. మీటింగ్‌లో నోరు విప్పండి

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషులో మాట్లాడాలంటే వాక్యం మనసులో మూడుసార్లు సరిచేసుకునేదాన్ని. అది సరయ్యేలోపు టాపిక్ మారిపోయేది. మన వైపు నుంచి వచ్చిన చాలామంది అమ్మాయిలకి ఇదే ఇబ్బంది. పని రాక కాదు, వాక్యం రాక వెనక్కి తగ్గుతారు.

ముందురోజు రాత్రి, రేపటి మీటింగ్‌లో చెప్పాల్సిన ఒకే ఒక్క సంగతి తెలుగులో రాసుకోండి. దాన్ని ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా విడగొట్టండి. ఫోన్‌లో రికార్డు చేసి ఒకసారి వినండి. మీ గొంతు మీకే కొత్తగా ఉంటుంది, నాలుగో రోజుకి అలవాటవుతుంది. మీటింగ్‌లో మొదటి పది నిమిషాల్లోనే ఆ సంగతి చెప్పేయండి, లేదా ఒక ప్రశ్నైనా అడగండి. అరగంట మౌనంగా కూర్చున్నాక నోరు తెరవడం చాలా కష్టం.

ముందుమాటలు తీసేయండి. "సారీ, చిన్న డౌట్", "తప్పయితే ఏమీ అనుకోకండి", "నాకంతగా తెలియదు గానీ": వీటితో మొదలుపెడితే తర్వాత చెప్పేది సగం మందే వింటారు. నేరుగా విషయంలోకి వెళ్లండి: "ఈ డిజైన్‌లో నాకొక ఇబ్బంది కనిపిస్తోంది. పేమెంట్ రెండుసార్లు వెళ్లే అవకాశముంది."

మధ్యలో ఎవరైనా అందుకుంటే గొంతు పెంచక్కర్లేదు. "ఒక్క నిమిషమండీ, ఇది పూర్తి చేసి మీకిస్తాను" అనండి. ఇంగ్లీషు మీటింగయితే "వన్ మినిట్, లెట్ మీ ఫినిష్" చాలు. ఇంకొకమ్మాయి మాట్లాడుతుంటే ఎవరైనా అడ్డొస్తే "ఆవిడ చెప్పేది ఇంకా పూర్తవలేదండీ" అని మీరు అందుకోండి. మన కోసం అడగడం కంటే పక్కవాళ్ల కోసం అడగడం తేలిక. అలా నాలుగుసార్లు పక్కవాళ్ల కోసం అడిగాక మన కోసం కూడా నోరు వస్తుంది.

గదిలో మీరొక్కరే ఆడమనిషైతే ఆ సంగతి ప్రతి నిమిషం తెలుస్తూనే ఉంటుంది. నాకు అలాంటప్పుడు గుర్తొచ్చేది అయ్యలసోమయాజుల లలిత గారు. మద్రాసులో తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. ఆ పరిస్థితిలో 1940లలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. అంతకుముందు అక్కడ ఆడపిల్లలు లేరు కాబట్టి డిగ్రీ సర్టిఫికెట్ మీద ముందే అచ్చేసి ఉన్న "హీ" కొట్టేసి "షీ" అని రాయాల్సి వచ్చిందట. మన దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరిగా ఆవిణ్ణి చెబుతారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లొచ్చారు. మన భాష మాట్లాడే మనిషి, మన అమ్మమ్మల వయసు మనిషి. మీటింగ్ గదిలోకి వెళ్లే ముందు ఒకసారి తలుచుకోండి.

4. కోడ్ రివ్యూ

మనం రాసిన కోడ్‌ని టీమ్‌లో ఇంకొకరు చదివి కామెంట్లు పెట్టడమే ఇది. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇరవై కామెంట్లు వస్తే అరగంట ఆగి జవాబు రాయండి. ఒప్పుకున్నవి వెంటనే మార్చండి. ఒప్పుకోనివాటికి కారణం రాయండి, క్షమాపణ రాయొద్దు. ఒకే రకం కామెంటు మూడోసారి వస్తే చిట్టాలో ఎక్కించండి, నాలుగోసారి రాకుండా చూసుకోండి. మీరు కూడా ఇతరుల కోడ్ రివ్యూ చేయండి, కొత్తవాళ్లయినా సరే. "ఈ ఫంక్షన్ ఇక్కడ ఎందుకు రెండుసార్లు పిలుస్తున్నారు?" అని అడగడానికి సీనియారిటీ అక్కర్లేదు.

5. తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి

దీని గురించి వివరంగా చెబుతాను. ఆడపిల్లలు ఐటీలో వెనకడుగు వేయడానికి ఒక పెద్ద తప్పు, దాని తర్వాత జరిగిన అవమానం కారణం కావడం నేను చాలాసార్లు చూశాను.

నా మూడో ఏట ఒక గురువారం సాయంత్రం, ఐదున్నర అయి ఉంటుంది. ఒక విద్యాసంస్థ ఫీజుల డేటాబేస్‌లో ఒకే ఒక్క విద్యార్థి బాకీ సరిచేయాలి. అప్‌డేట్ (డేటాని మార్చే ఆదేశం) రాశాను. ఆరు పది రైలు అందుకోవాలన్న తొందర. కింద వేర్ లైను, అంటే ఏ వరుస మారాలో చెప్పే షరతు, ఉంది గానీ, సెలెక్ట్ చేసి రన్ చేసేటప్పుడు పై రెండు లైన్లే సెలెక్టయ్యాయి. ఎంటర్ కొట్టాక స్క్రీన్ మీద "4,312 వరుసలు మారాయి" అన్నట్టు వచ్చింది. ఒకటి రావాల్సిన చోట 4,312. అందరి బాకీ సున్నా అయిపోయింది. చెవుల్లో గుయ్‌మని శబ్దం, పక్కన ఫ్యాన్ తిరుగుతున్నది కూడా వినబడలేదు.

మొదట వచ్చిన ఆలోచన, ఎవరికీ చెప్పకుండా నేనే సరిచేసేద్దామని. నాలుగు నిమిషాలు ఆ ప్రయత్నం చేశాను కూడా. ఆ నాలుగు నిమిషాల్లో క్లయింట్ వైపు కౌంటర్లో ఇంకో ఇద్దరు ఫీజు కట్టారు, చిక్కు ఇంకాస్త ముదిరింది. లేచి వెళ్లి మా టీమ్ లీడ్‌కి చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఎన్ని వరుసలు? ఎన్నింటికి?" అని రెండే ప్రశ్నలు అడిగారు. సైటు ఆపారు, ముందురోజు రాత్రి తీసిపెట్టిన బ్యాకప్‌ని తిరిగి ఎక్కించారు, ఆ రోజు కట్టిన ఫీజులు రసీదుల ప్రకారం మళ్లీ ఎక్కించాం. రాత్రి పదకొండైంది. ఆయనా, ఆయన భార్యా కలిసి నన్ను వాళ్ల బండిలో హాస్టల్లో ఉన్న స్నేహితురాలి దగ్గర దింపారు.

మీకలాంటిది జరిగితే ఈ వరుసలో చెప్పండి. ఏం జరిగింది. ఎన్నింటికి జరిగింది. ఎవరి మీద ప్రభావం పడుతుంది. ఇప్పటికి నేనేం చేశాను. ఇప్పుడేం చేయాలనుకుంటున్నాను, మీరేమంటారు. ఏడుపొస్తే రానివ్వండి, కానీ ఈ ఐదూ ముందు చెప్పండి. "సారీ సర్, సారీ సర్" అంటూ కూర్చుంటే అవతలివాళ్లకి కావాల్సిన సమాచారం అందదు.

అసలు ఆ పరిస్థితే రాకుండా: ముందు అదే వేర్ షరతుతో సెలెక్ట్ (డేటాని మార్చకుండా చూపించే ఆదేశం) రన్ చేసి ఎన్ని వరుసలు వస్తున్నాయో చూడండి. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ చేయండి. అంకె సరిపోతేనే కమిట్ చేసి మార్పు ఖాయం చేయండి, లేదంటే రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసుకోండి. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో కమిట్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, మీరు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే ఎంటర్ కొట్టగానే మార్పు శాశ్వతం. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, ఇంకొకరు పక్కన ఉండకుండా ఏదీ నడపొద్దు. బయల్దేరే ముందు అసలే వద్దు.

ఆ రాత్రి చిట్టాలో పేజీన్నర రాశాను. ఏం తప్పు చేశానో, ఎందుకు చేశానో, ఇకపై ఏం చేస్తానో. వారం తర్వాత ఆ పేజీన్నరే టీమ్‌కి చదివి వినిపించాను, అందరికీ అదే పద్ధతి అయింది.

6. మీ పని మీ పేరు మీదే ఉండాలి

ఒక కంపెనీలో రెండు నెలలు కూర్చుని నేను రాసిన మాడ్యూల్‌ని మా పక్క సీటు అతను క్లయింట్ ముందు "నేను చేశాను" అని చూపించాడు. నేను అదే గదిలో, మీటింగ్ మినిట్స్ (ఎవరేం చెప్పారన్న నోట్స్) రాస్తూ ఉన్నాను. మినిట్స్ రాసే పని, పుట్టినరోజు కేక్ తెచ్చే పని, కొత్తగా వచ్చినవాళ్లకి సీటు చూపించే పని ఎప్పుడూ నాదే. ఎవరూ బలవంతం చేయలేదు, "మీ చేతిరాత బాగుంటుందండీ" అనేవారు. ఆ రోజు ఏమీ అనలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడైతే ఇలా చేస్తాను, మీరూ చేయండి. డెమోకి ముందురోజు టీమ్‌కి మెయిల్ పెట్టండి: "ఈ మాడ్యూల్ నేను రాశాను, రేపు దీని భాగం నేను చూపిస్తాను." డెమోలో ఎవరైనా మీ పనిని తమదిగా చెబితే అక్కడికక్కడే, మామూలు గొంతుతో: "అవునండీ, ఆ భాగం నేను రాసేటప్పుడు ఇలా ఎందుకు పెట్టానంటే..." అని అందుకుని వివరం చెప్పండి. గొడవ కాదు, వివరం. రాసినవాళ్లకే తెలిసే వివరం. అప్పటికి వీలు కాకపోతే ఆ సాయంత్రమే మెయిల్ రాయండి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

మినిట్స్ విషయానికి, "ఈ నెల నేను రాశాను, వచ్చే నెల నుంచి వంతులవారీగా రాద్దాం, మొదటి వంతు ఎవరిది?" అని అడగండి. వంతు అన్న మాటకి ఎవరూ కాదనలేరు.

7. జీతం మాట్లాడేటప్పుడు

ఏప్రిల్‌లో హైక్ (జీతం పెంపు) అయితే జనవరిలోనే మేనేజర్‌తో మాట్లాడాలి. మార్చికల్లా బడ్జెట్ సర్దేసి ఉంటారు. ఆవర్జాలోంచి అరపేజీ తీసి రాయండి, అంకెలతో. ఇంటి లోను ఉంది, తమ్ముడి చదువుంది అని చెప్పొద్దు, అవి నిజమే అయినా. మీరు చేసిన పనికి డబ్బు అడుగుతున్నారు. కావాల్సిన అంకె చెప్పి ఆగండి. ఆ మౌనం చాలా ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని "అంటే, మీకు వీలైతేనే" అని మీరే చెడగొట్టుకోవద్దు.

కొత్త ఆఫర్ వస్తే సీటీసీ (మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) చూసి సంబరపడకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ పే అన్నీ కలిపి చూపిస్తారు. నెలకి చేతికెంత వస్తుందో రాసిమ్మనండి. నోటీసు పీరియడ్ ఎంతో, బాండ్ (ఇంతకాలం మానకూడదనే ఒప్పందం) ఉందో లేదో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా పెట్టొద్దు. చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. అవి చేతిలో లేక మంచి అవకాశం వదులుకున్న అమ్మాయిని దగ్గరగా చూశాను.

8. ఇంట్లో

మన ఊళ్లల్లో ఆడపిల్ల ఉద్యోగం ఇంటి నుంచే మొదలవుతుంది, ఇంట్లోనే ఆగిపోతుంది. "ఎలాగూ పెళ్లయ్యాక మానేస్తుందిగా" అనే మాట మా బంధువుల్లో ఎంతమంది నోట విన్నానో. పెళ్లిచూపుల్లోనే చెప్పేయండి: రాత్రి రిలీజులుంటాయి (కొత్త మార్పులు కస్టమర్లకి విడుదల చేసే పని), నెలలో కొన్ని రోజులు ఆన్‌కాల్ (పిలిస్తే పలకాల్సిన డ్యూటీ) ఉంటుంది, అవసరమైతే హైదరాబాద్ వెళ్లి రావాల్సి ఉంటుంది. మీరు చెప్పేటప్పుడు అవతలివాళ్ల ముఖాలు చూడండి, అక్కడే సగం తెలుస్తుంది.

ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లు రిలీజు రోజులు ముందే క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి వంటగదిలో తగిలించండి. మా అత్తగారికి మొదట్లో నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏం చేస్తానో తెలియదు. ఒకసారి కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టి, "అత్తయ్యా, ఇలా డబ్బు కట్టగానే అవతల లెక్కలో పడాలి కదా, అది తప్పకుండా పడేట్టు చూసే పని మాది" అని చూపించాను. ఆ తర్వాత రిలీజు రోజు ఎవరైనా వస్తే ఆవిడే "కోడలు పనిలో ఉంది, గట్టిగా మాట్లాడకండి" అని చెప్పేవారు.

ప్రసూతి సెలవు అడిగి తీసుకునే దయ కాదు, హక్కు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు, జీతంతో. కాన్పు అవుతుందని అనుకున్న తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. సెలవుకి వెళ్లే ముందు మీ పనిని ఎవరికి అప్పగించారో, తిరిగొచ్చాక ఏ పనిలో చేరతారో మెయిల్‌లో రాయించుకోండి. కొన్నేళ్లు విరామం వచ్చినవాళ్లు బయోడేటాలో దాన్ని దాచొద్దు. ఒక్క వాక్యం రాయండి, ఆ కాలంలో నేర్చుకున్నది దాని కింద రాయండి. వారానికి మూడు రోజులు, రోజుకో గంట చేతికి పని చెబితే చాలు, తిరిగి చేరే రోజుకి భయం సగం తగ్గుతుంది.

9. వేధింపులు ఎదురైతే

చిన్న విషయమేలే అని వదిలేయొద్దు. తేదీ, సమయం, అన్న మాట ఉన్నదున్నట్టు, పక్కన ఎవరున్నారు: ఆ రోజే రాయండి. మెసేజులు తుడిచేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి మీ దగ్గర ఉంచుకోండి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల్ని అడ్డుకోవడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తిచేయాలి. మన వైపు పదిమంది కూడా లేని చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటి చోట జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ఆఫీసు విజయవాడలో అయితే ఎన్టీఆర్ జిల్లా, మంగళగిరిలో అయితే గుంటూరు జిల్లా. కేంద్ర ప్రభుత్వ షీ బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా ఇవ్వొచ్చు. చేరిన మొదటి వారంలోనే కమిటీ సభ్యుల పేర్లు హెచ్ఆర్‌ని అడిగి తెలుసుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కునే ఓపిక ఉండదు.

10. ముగ్గురు మనుషులు

మీకంటే పదేళ్లు ముందున్నవాళ్లు ఒకరు, మీతో సమానంగా ఉన్నవాళ్లు ఒకరు, మీ వెనక వస్తున్నవాళ్లు ఒకరు. ముందున్నవాళ్లని "నాకు మెంటర్‌గా ఉంటారా" అని అడగొద్దు, ఇబ్బంది పడతారు. ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో ఇరవై నిమిషాలు అడగండి. వాళ్లు చెప్పింది చేశాక ఏమైందో నెల తర్వాత చెప్పండి. అలా చెప్పేవాళ్లు చాలా తక్కువ, అందుకే గుర్తుంచుకుంటారు. సమానంగా ఉన్నవాళ్లతో జీతాలు, ఆఫర్లు దాపరికం లేకుండా మాట్లాడుకోండి. నాకలాంటి స్నేహితురాలు రైల్లోనే దొరికింది, లేడీస్ పెట్టెలో ఎదురు సీటు. ఆవిడ టెస్టింగ్, నేను డెవలప్‌మెంట్. మంగళగిరి నుంచి విజయవాడ వచ్చేలోపు ఒకరి సమస్య ఒకరం విప్పేవాళ్లం.

వెనక వస్తున్నవాళ్లకి నేర్పడం మొదలుపెట్టడానికి మీకు అన్నీ తెలిసే దాకా ఆగక్కర్లేదు. నిన్న మీరు నేర్చుకున్నది ఇవాళ చేరినవాళ్లకి చెప్పగలరు.

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన తెనాలి అమ్మాయి ఒకతి టెస్ట్ సర్వర్‌లో ఒక టేబుల్ మొత్తం చెరిపేసింది. టెస్ట్ సర్వరే, గంటలో సరయిపోయింది. అయినా సాయంత్రం క్యాంటీన్‌లో టీ ముట్టుకోకుండా కూర్చుంది. "నాకీ ఉద్యోగం సరిపడదేమో మేడమ్" అంది. బ్యాగులోంచి నా పాత నోట్‌బుక్ తీసి, ఆ గురువారం పేజీ తెరిచి ఇచ్చాను. 4,312 దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివింది. కింద నేను రాసుకున్న జాగ్రత్తలు కూడా చదివింది.

"ఈ పేజీ ఫోటో తీసుకోనా అక్కా?" అని అడిగింది.

తీసుకోమన్నాను. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి టేబుల్ మీద కొత్త లాంగ్ నోట్‌బుక్ ఉంది.